బెత్తెడు చోటు

కలం చేతికిచ్చే ముందు మాలెమ్ బిహీ దాన్ని మూడుసార్లు తుడిచాడు. మూడోసారి తుడవాల్సినంత దుమ్మేమీ దాని మీద లేదు. ఇవ్వబుద్ధి కాక తుడిచాడు.

"ఇస్తారా, మీరే ఉంచేసుకుంటారా?" అంది సుకైనా.

"ఉండండి లల్లా. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు కన్నవాడు కాస్త జాగు చెయ్యడా ఏంటి?"

కోటగోడ కింద వరసగా ఉన్న కొట్లలో బిహీది చివరిది. అరవయ్యేళ్ళ మనిషి, కనుబొమ్మల మీద ఎప్పుడూ రంపపు పొట్టు. పెట్టెలు, పళ్ళాలు, చదరంగం బల్లలు చెయ్యడంలో చెయ్యి తిరిగిన మేస్త్రీ, అందుకే అందరూ మాలెమ్ అంటారు. కలం చెయ్యడం ఇదే మొదలు. అరార్ చెట్టు వేరుబుడిపెలోంచి ముక్క కోసి, తరిమెన పట్టి, లోపల తొలిచి, ఉప్పుకాగితంతో రుద్ది, నూనె పట్టించి, నెల్లాళ్ళు దానికే అంకితమైపోయాడు. పాళీ ఒక్కటే బయటినుంచి తెప్పించింది.

ముదురు ఎరుపు చెక్క. మధ్యమధ్య చిన్న చిన్న నల్లటి కళ్ళు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మిరియాల్లాంటి ఘాటు. నడుము దగ్గర కాస్త లావు, వేళ్ళు పట్టేచోట పల్లం. ఆ పల్లంలోకి సుకైనా బొటనవేలు వెళ్ళి సరిగ్గా కూర్చుంది.

"ఇందుకేనా పోయిన నెల నా చేత పిండిముద్ద పిసికించారు?"

"మరి? కొలత లేకుండా చెప్పులే కుట్టరు."

"ఆ ముద్ద ఏమైంది?"

"మా ఆవిడ రొట్టె కాల్చేసింది. మీ వేళ్ళ గుర్తులతో సహా నమిలేశాం. బాగానే ఉన్నాయి."

సుకైనా పకపకా నవ్వింది. సీసాలో పాళీ ముంచి, వెనక మర తిప్పి, సిరా పీల్చనిచ్చి, గుడ్డతో తుడిచింది. పొట్లాలు కట్టే కాగితం మీద బిస్మిల్లా అని రాసింది. ఎక్కడా గీరుకున్న చప్పుడు లేదు. నొక్కిన చోట గీత లావెక్కుతోంది, వదిలిన చోట సన్నబడుతోంది. బాల్‌పెన్‌తో పత్రాలు రాసీ రాసీ తన చేతిరాత ఇలా ఉంటుందన్న సంగతే ఆమె మరిచిపోయింది. ఒక్క మాటతో ఆపడం చేతకాక, చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న అక్షరాలన్నీ వరసపెట్టి రాసేసింది. ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, పక్క కొట్టువాడు తొంగిచూస్తున్నా దాచుకోలేదు.

"రెండు సంగతులు వినండి," అన్నాడు బిహీ. "చెక్క కొత్తది. సముద్రపు మంచు తగిలితే ఉబ్బుతుంది, మూత పట్టేస్తుంది. తిట్టకండి, నెమ్మదిగా తియ్యండి. రెండోది, పాళీ వెడల్పుది. మీది నిండుగా నడిచే చెయ్యని అదే తెప్పించా. ఇరుకులో పెట్టి నలపకండి."

సరేనని తలూపి, కలాన్ని పసిపిల్లని ఎత్తుకున్నంత భద్రంగా పట్టుకుని సుకైనా పనికి బయల్దేరింది.

ఆమె పని అదూల్. పెళ్ళయినా, ఇల్లమ్మకమైనా, వారసుల పంపకమైనా ఇద్దరు అదూల్‌లు కూర్చుని వినాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, ఆ తర్వాత ఖాజీ ముద్ర వెయ్యాలి. అప్పుడే అది పత్రం. ఇంతకుముందు ఈ పని మగవాళ్ళదే. ఊళ్ళో మొదటి ఆడ అదూల్ సుకైనా. ఆమె జోడీ సి మాతీ, అంటే మాతీ గారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు, ఈ పనిలో నలభై. ఆమెకు ముప్పై ఒకటి, ఈ పనిలో రెండు. మసాలా కొట్టు పైన ఒకే గది ఇద్దరిదీ. కిటికీ పక్క బల్ల ఆయనది, తలుపు పక్క బల్ల ఆమెది. తలుపు తోసుకొచ్చినవాళ్ళంతా ముందు ఆమె కుర్చీని గుద్ది, తర్వాత ఆయనకు సలాం చెబుతారు.

"అదేంటి తల్లీ, పెన్నా, వంకాయా?" అన్నాడు సి మాతీ కళ్ళజోడు పైకి తోసి.

"పెన్నే సి మాతీ. అరార్ చెక్క."

"ఊళ్ళో పెట్టెలన్నీ అయిపోయి బిహీ ఇప్పుడు పెన్నుల మీద పడ్డాడా? నన్ను చూసి నేర్చుకో." జేబులోంచి బాల్‌పెన్ తీసి ఆడించాడు. "బ్యాంకువాడు ఊరికే ఇచ్చాడు. నాలుగు నెలలైంది, ఇంకా రాస్తోంది."

అప్పుడే తలుపు సుకైనా కుర్చీని గుద్దింది. వచ్చినావిడ యామ్నా. రేవు దగ్గర చేపలు వేయించి అమ్ముతుంది, యాభై దాటింది, మొదటి భర్త పోయి తొమ్మిదేళ్ళు. వెనక వచ్చినవాడు హమ్మూ, సార్డీన్ చేపల పడవలో వలలు అల్లేవాడు. పెళ్ళికొడుకు కదా అని గడ్డం నున్నగా గీసుకోబోయి చెంప కోసుకున్నాడు. కోర్టు అనుమతి కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చారు.

హమ్మూ సుకైనా బల్ల మీద మోచెయ్యి ఆనించి, సి మాతీ వైపు తిరిగి, "రెండో అదూల్ గారు ఎప్పుడొస్తారండీ?" అని అడిగాడు.

"నీ మోచెయ్యి ఆవిడ కాగితాల మీదే ఉంది. తియ్యి," అన్నాడు సి మాతీ.

యామ్నా పెళ్ళికొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "కళ్ళు సముద్రంలో పారేసుకొచ్చావా? ఏమనుకోకు అమ్మాయ్. మనిషి మంచివాడే, చూపే ఆలస్యం."

సుకైనా ఏమీ అనుకోలేదు. వారానికి నలుగురు అడిగే ప్రశ్నే అది. ఆమె కలం మూత తీసి పేర్లు, ఊళ్ళు, తండ్రుల పేర్లు, పెళ్ళికొడుకు ఇచ్చే మహర్ అన్నీ రాసుకుంది.

"షరతులేమైనా ఉన్నాయా?"

"ఉంది. రాయి," అంది యామ్నా. "ఇంటికి చేపలు తేకూడదు. పొద్దస్తమానం వేయించేది నేనే. ఇంటికెళ్ళినా అదే వాసనైతే చచ్చిపోతా."

"పండక్కి కూడానా?" అన్నాడు హమ్మూ దిగాలుగా.

"పండక్కి మాంసం తిను."

"ఇలాంటివి పత్రంలో ఎక్కించరమ్మా," అని సి మాతీ అడ్డం పడ్డాడు.

"ఇద్దరూ ఒప్పుకుంటే షరతు షరతే కదా సి మాతీ," అని సుకైనా హమ్మూ వైపు తిరిగింది. "నువ్వు ఒప్పుకున్నావా?"

"ఈమెని ఒప్పించడానికి నాకు మూడేళ్ళు పట్టిందండీ. చేపలదేముంది, ఒప్పుకున్నా," అన్నాడు హమ్మూ.

పత్రం ఎప్పటికి కావాలని అడిగితే యామ్నా కుర్చీ ముందుకు లాక్కుంది. శుక్రవారం పొద్దున బస్సుకి మరాకేష్ ప్రయాణం. పౌర్ణమి నాలుగు రోజులే పడవలు కట్టేసి ఉంచేది, వెన్నెల్లో సార్డీన్లు పైకి రావు. ఆ నాలుగు రోజులూ దాటితే హమ్మూ మళ్ళీ నీళ్ళ మీదే.

"పెళ్ళి కాగితం చూపించకపోతే హోటలువాడు ఒక గది ఇవ్వడమ్మాయ్. ఈ వయసులో నేనో వీధిలో ఈయనో వీధిలో పడుకోవాలా? నలుగురూ ఏమనుకుంటారు?"

"గురువారం మధ్యాహ్నానికి మీ చేతిలో ఉంటుంది," అని సుకైనా మాటిచ్చేసింది.

వాళ్ళు వెళ్ళాక ఆమె మంచి కాగితం తీసి, మోచేతి కింద గుడ్డ పరుచుకుని, గంటసేపు తల ఎత్తకుండా శుద్ధప్రతి రాసింది. కలం ఎక్కడా ఆగలేదు. చేపల షరతు కూడా ఆ రాతలో గొప్ప శాసనంలా కనిపించింది. కింద సంతకాలకు చోటు వదిలి కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

అదూల్ సంతకమంటే పేరు కాదు. పేరు కనపడనే కూడదు. మెలికలు, ఉంగరాలు, ముడులు కలిపి ఇంకొకడు దొంగిలించలేకుండా గీసే గీత అది. ఊరంతా దాన్ని పేడపురుగు అంటుంది, అదూల్‌లు కూడా అదే అంటారు. సి మాతీ పేడపురుగు పేరున్న పురుగు. కుడి అంచున మొదలై, ఐదు ఉంగరాలు తిరిగి, నడుము సాగదీసుకుని, చివర ఒక తోకని ఎడమకు లాగుతుంది. ఆ తోక ఎక్కడ ఆగుతుందో ఆయనకే తెలియదు. పెద్దవాడు ముందు పెట్టాలన్నది ఆచారం. ఆయన పెట్టాక మిగిలింది సుకైనాది. మిగిలేదల్లా ఎడమ మూల దిర్హమ్ బిళ్ళంత జాగా. రెండేళ్ళుగా ఆమె ఆ మూలలోనే బాల్‌పెన్‌తో తన పురుగుని ముడిచి మడిచి కూరుతోంది. కోర్టు గుమాస్తాలు దాన్ని చీమ అంటారని ఆమెకు తెలుసు. విని నవ్వేసేది గానీ, ఇంటికెళ్ళాక ఆ మాట గుర్తొచ్చి ఒళ్ళు మండేది.

ఆ రోజూ సి మాతీ తోక హాయిగా ఎడమ దాకా వెళ్ళి పడుకుంది. సుకైనా మూలలో కొత్త కలం ఆనించింది. మొదటి ఉంగరానికే చోటు అయిపోయింది. రెండోది మొదటిదాని మీద ఎక్కింది. మూడోదానికి సిరా తోకలోకి పారి, రెండు సంతకాలూ కలిసి ఒక్క మచ్చ అయిపోయాయి.

"ఆరితే విడిపోతుందిలే," అంటూ సి మాతీ ఊదాడు.

ఆరింది గానీ విడిపోలేదు.

మర్నాడు బుధవారం ఖాజీ నుంచి పిలుపొచ్చింది. ఖాజీ గారు పత్రాన్ని వెలుతురుకి పట్టి, తిప్పి, మళ్ళీ తిప్పి, "ఇదేంటి లల్లా సుకైనా?" అన్నారు.

"నా సంతకమండీ."

"ఇదా? సి మాతీ పురుగు గుడ్డు పెట్టిందనుకున్నా."

గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఖాజీ గారు నవ్వలేదు. ఫైలు తెప్పించి ఒక కాగితం ఆమె ముందు పెట్టారు. ఉద్యోగంలో చేరిన రోజు ఖాళీ కాగితం మీద ఆమె పెట్టిన నమూనా సంతకం అది. ఏడు ఉంగరాలు, మధ్యలో చిక్కుముడి, రెండు పక్కలా విప్పుకున్న రెక్కలు. ఒక్క క్షణం సుకైనా దాన్ని ఇంకెవరిదో అనుకుంది. తనదేనని పోల్చుకున్నాక మొహం వేడెక్కింది. ఇంత బతుకు బతికినదాన్ని తీసుకెళ్ళి మూలలో కుక్కింది తానే కదా అనిపించింది.

"ఇన్నాళ్ళూ సన్న గీత కాబట్టి ఎముకలైనా కనిపించేవి, నేనూ సరేలే అని ఊరుకున్నా. ఇక ఊరుకోను," అన్నారు ఖాజీ గారు. "రేపు మధ్యాహ్నం పన్నెండులోగా కొత్త ప్రతి తెండి. రెండు సంతకాలూ దేనికది ఉండాలి, మీది ఈ నమూనాకి సరిపోవాలి. అంత చోటు లేదంటారా, సంతకాన్నే చిన్నది చేసుకుంటానని అర్జీ పెట్టండి, అదీ కుదురుతుంది. కానీ ఒకసారి మార్చుకుంటే మళ్ళీ మార్చడం ఉండదు. పన్నెండు దాటితే నేను సోమవారమే వచ్చేది."

గుమాస్తా ఆమె వెంట నడవా దాకా వచ్చి అర్జీ ఫారం చేతిలో పెట్టాడు. "చీమనే ఖాయం చేసేసుకోండి లల్లా. జన్మంతా గొడవుండదు," అన్నాడు. మంచికే అన్నాడు పాపం.

సి మాతీ కూడా అదే మాటన్నాడు. "పెట్టెయ్ తల్లీ అర్జీ. చిన్న పెన్ను, చిన్న సంతకం. చేతికి శ్రమ కూడా తక్కువ."

"మీ తోక కాస్త తగ్గిస్తే?"

"తగ్గించలేనా? రాసి తే. సగం కాగితం నీకు వదిలేస్తా, చూసుకో."

సుకైనా ఇంకో గంట కూర్చుని రెండో శుద్ధప్రతి రాసింది. సి మాతీ చొక్కా చెయ్యి పైకి మడిచి, ఊపిరి బిగబట్టి, ఐదు ఉంగరాలు తిప్పాడు. నడుము సాగదీశాడు. "ఇదిగో, ఆగుతున్నా, ఆగుతున్నా," అంటూనే ఉన్నాడు, తోక ఎడమ అంచు దాకా పోయింది. మూడో ప్రతికి మధ్యలో స్కేలు నిలబెట్టి కంచె కట్టాడు. తోక స్కేలు మీంచి దూకింది.

"నేను కాదు తల్లీ, చెయ్యి," అన్నాడు ఆయన. మొహం చిన్నబోయింది. నలభయ్యేళ్ళుగా తన మాట వింటోందనుకున్న చెయ్యి తన మాట వినడం లేదని ఆయనకు ఆ పూటే తెలిసినట్టుంది. సుకైనాకు నిజంగానే కోపం వచ్చింది గానీ, ఆ మొహం చూశాక నిలవలేదు. ఆమె అర్జీ ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, కలం తీసుకుని, పొద్దు వాలక ముందే కోటగోడ కిందికి నడిచింది.

"పాళీ అరగదియ్యండి మాలెమ్. సూదిలా చెయ్యండి," అంది.

బిహీ ఎందుకని అడగలేదు. సానరాయి తీసి తడిపాడు. "అరగదీస్తే మళ్ళీ పెరగదు. ఎంత అరగాలో చూడాలి కదా, ఒకసారి దీంతో మీ సంతకం పెట్టండి," అన్నాడు.

చేతికందే కాగితం లేదు. అప్పుడే చిత్రిక పట్టిన పలక ఒకటి ముందుకు తోశాడు. సుకైనా దాని మీద మొదటి ఉంగరం తిప్పింది, చోటుంది. రెండోదీ తిప్పింది. మూడు, నాలుగు తిరిగేసరికి భుజం దానంతటదే వదులైంది. ఏడూ తిరిగి, ముడి వేసి, కుడి రెక్కా ఎడమ రెక్కా విప్పి కలం ఎత్తింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి. రెక్కల మీద సిరా ఆరేదాకా ఊదింది.

బిహీ ఆ సంతకం మీద నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించాడు. "బెత్తెడు."

"ఏంటి?"

"మీకు కావల్సింది బెత్తెడు చోటు. మీ పత్రం కాగితం వెడల్పెంత?"

ఆమె సంచిలోంచి పాడైన ప్రతి తీసింది. ఆయన దాని మీద కూడా వేళ్ళు వేసి కొలిచాడు. "అటు అంచూ ఇటు అంచూ పోను రెండు బెత్తెలు. మీరూ ఇద్దరు మనుషులు. ఇందులో అరగదియ్యాల్సింది పాళీనా?" అని సానరాయిని తుడిచి అలమరలో పెట్టేశాడు.

"ఆయన ఆపలేరు మాలెమ్. పాపం, నిజంగా ప్రయత్నించారు."

"నేను పెట్టెలవాణ్ణి లల్లా. ముందు పెట్టె చేస్తే మూత దానికి తగ్గట్టు కొయ్యాలి. ముందు మూత కోసేస్తే పెట్టె దానికి తగ్గాలి. ఏది ముందు కోశామన్నదే ఉంది."

సుకైనా ఆ పలక మీద తన నాలుగు వేళ్ళూ ఆనించి చూసుకుంది. ఇంటికెళ్ళి నాలుగో ప్రతి రాసి, తృప్తిగా కలం మూత పెట్టి, సముద్రం వైపు కిటికీ గట్టున ఉంచి మరిచిపోయింది.

గురువారం ఊరంతా మంచు. ఎదురింటి తలుపు కూడా కనిపించడం లేదు. పదిన్నరకి గదిలో సి మాతీ, యామ్నా, హమ్మూ అందరూ చేరారు. నాలుగో ప్రతి బల్ల మీద ఉంది. సుకైనా కలం తీసి మూత లాగింది. రాలేదు. తిప్పింది. రాలేదు. అరార్ చెక్క మంచు తాగి బిగుసుకుపోయింది.

"ఇటివ్వండి, ఓడ తాళ్ళే లాగుతా," అని హమ్మూ అందుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. కలం కిర్రుమంది.

"విరిచేస్తావు, వదులు!" అని సుకైనా కేక పెట్టి లాక్కుంది.

సి మాతీ జేబులోంచి బాల్‌పెన్ తీసి ఆమె ముందు పెట్టాడు. "టైము చూడు తల్లీ. దీంతో చిన్నది పెట్టేసి అర్జీ కూడా ఇచ్చేద్దాం. వీళ్ళ బస్సు పోతుంది," అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో, కంగారుంది.

సుకైనా బాల్‌పెన్ వైపు చూసింది. యామ్నా వైపు చూసింది. మాటిచ్చింది తాను. మాట నిలబెట్టుకోవాలంటే ఈ ముక్క ప్లాస్టిక్ చాలు. చెయ్యి సగం చాచింది కూడా.

"ఆగమ్మాయ్," అంది యామ్నా. "చెక్కేగా? నా చెక్క గరిటెలూ చలికాలం ఇదే వేషం వేస్తాయి. నాకివ్వు." కలం తీసుకుని శాలువా కిందనుంచి చంకలో పెట్టుకుని గట్టిగా చెయ్యి నొక్కుకుంది. "పొడిగా, వెచ్చగా ఉంటే ఎంత బిగుసుకున్నదైనా దారికొస్తుంది. ఈయన్ని చూళ్ళేదూ?"

"నేనెప్పుడు బిగుసుకున్నానే?" అన్నాడు హమ్మూ.

అందరూ ఆమె చంక వంక చూస్తూ కూర్చున్నారు. కింద మసాలా కొట్టువాడు జీలకర్ర దంచుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పదకొండు దాటింది. పావుగంటకి యామ్నా కలం బయటికి తీసి సుకైనాకిచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా తిప్పింది. టప్పుమని మూత ఊడొచ్చింది. హమ్మూ చప్పట్లు కొట్టాడు.

సి మాతీ అలవాటుగా పత్రం తన వైపు లాక్కోబోయాడు. సుకైనా దాని మీద అరచెయ్యి ఆనించింది.

"ఇవాళ నేను ముందు పెడతా సి మాతీ."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. "ముందా? పెద్దవాణ్ణి నేనుండగా?"

"కుడి పక్క మీదే, ఎప్పటికీ మీదే. నా పక్క నేను ముందు నింపుకుంటా. మీ చేతికి గోడ కనిపిస్తే ఆగుతుంది. స్కేలు మీద దూకుతారు గానీ నా మీద దూకరు కదా?"

సి మాతీ ఎవరైనా తన తరఫున మాట్లాడతారేమోనని అటూ ఇటూ చూశాడు. "ఇన్నాళ్ళూ ముందు పెట్టారుగా," అంది యామ్నా. "ఒక్క పూట వెనక పెడితే గడ్డం ఊడిపోతుందా?"

ఆయన గడ్డం తడుముకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. సుకైనా ఎడమ పక్కన కలం ఆనించింది. ఏడు ఉంగరాలు, ముడి, రెక్కలు. కాగితం మధ్యకి రాగానే ఆపింది. ఒక్క వెంట్రుక కూడా అటు పోలేదు. సిరా ఆరేదాకా ఊది, పత్రాన్ని రెండు చేతులతో ఆయన ముందుకు జరిపింది.

సి మాతీ కుడి అంచున మొదలుపెట్టాడు. ఐదు ఉంగరాలు తిరిగాయి. నడుము సాగింది. బాల్‌పెన్ ఎడమకు పరుగెత్తబోయి, ఎదురుగా విప్పుకున్న రెక్క కనిపించి, వణికి, ఆగింది. పోవడానికి దారి లేక తోక పైకి తిరిగి, వెనక్కి మడుచుకుని వీపు మీద పడుకుంది. ఆయన పెన్ను ఎత్తి ఆ గీత వంక చాలాసేపు చూశాడు.

"ఇదెక్కడిది?" అని తనలో తాను గొణుక్కున్నాడు. కోపం వచ్చిందనుకుని సుకైనా గబగబా పత్రం తీసుకుని లేచింది.

పన్నెండుకి పది నిమిషాలుందనగా నలుగురూ ఖాజీ గది ముందున్నారు. ఖాజీ గారు నమూనా పక్కన పెట్టి చూసి, "ఇదీ సంతకమంటే," అన్నారు. సుకైనా ఊపిరి తీసుకుంది. అంతలో ఆయన చూపు కుడి పక్కకు జరిగి, నుదురు ముడిపడింది. "ఇది సి మాతీది కాదే! తోకేదీ?"

సుకైనా వంగి ఆ కాగితం చూసింది. తన రెక్కల కోసం పెద్దాయన సంతకం పాడుచేశానే, వీళ్ళ ప్రయాణం కూడా పోయిందే అనుకుంది. సి మాతీ చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. ఖాజీ గారు పాత కట్ట తెమ్మని గుమాస్తాని పంపారు. అతను దుమ్ము దులుపుకుంటూ పసుపు తిరిగిన కాగితం ఒకటి తెచ్చాడు. ఆ రోజుల్లో జోడీకి ఒకే నమూనా కాగితం ఉండేది. ముప్పావు కాగితం నిండా ఒక బ్రహ్మాండమైన పేడపురుగు. అది సి జిలాలీది, సి మాతీకి పెద్ద జోడీ, పోయి ఇరవయ్యేళ్ళు. ఎడమ మూలలో, తోక పైకి మడుచుకుని వీపు మీద పెట్టుకుని, ఒక చిన్న పురుగు. దాని కింద ఇరవై ఎనిమిదేళ్ళ సి మాతీ పేరు.

ఖాజీ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, కళ్ళజోడు తీసి నవ్వడం మొదలుపెట్టారు. "సి మాతీ, ఇరవయ్యేళ్ళకి మళ్ళీ మీ సంతకం మీ నమూనాకి సరిపోయింది!" అని ముద్ర గుద్దేశారు.

యామ్నా నడవాలో నిలబడి నాలుక ఆడించి పెళ్ళికూత కూసింది. కోర్టని గుమాస్తా వారిస్తున్నా ఆగలేదు. పత్రాన్ని రెండుసార్లు ముద్దుపెట్టుకుని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, హమ్మూ చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

సి మాతీ బెంచీ మీద కూలబడ్డాడు. సుకైనా పక్కన కూర్చుంది.

"సి జిలాలీ పోయిన రోజు వెక్కి వెక్కి ఏడ్చాను," అన్నాడు ఆయన. "మర్నాడు మొదటిసారి కుడి పక్క సంతకం పెట్టా. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇరుకు మంచంలో ఇన్నాళ్ళు పడుకుని కాళ్ళు చాపుకున్నట్టు. ఎవర్ని తంతున్నానో చూసుకోలేదు."

"నేనూ నోరు విప్పి చెప్పలేదు కదా," అంది సుకైనా. ఆమెకు ఆయన మీద ప్రేమే వచ్చింది.

గుమాస్తా వచ్చి ఒక తెల్లకాగితం చాచాడు. "సి మాతీ, మీది ఇంకా జోడీ కాగితమే. ఇప్పుడు ఒక్కొక్కరికీ వేరే నమూనా ఉండాలి. ఎలాగూ వచ్చారు, పెట్టేసి వెళ్ళండి."

సుకైనా మూత తీసి తన కలం ఇవ్వబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది నీ చేతికి కొలిచింది," అని బాల్‌పెన్ తీశాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, చొక్కా చెయ్యి మడిచి, కుడి అంచున మొదలుపెట్టాడు. తొందరపడలేదు. ఐదు ఉంగరాలు, నడుము. సరిగ్గా కాగితం మధ్యకి వచ్చి ఆగి, తోక పైకి తిప్పి మడిచి, పెన్ను ఎత్తాడు. ఎడమ సగం మంచులా తెల్లగా ఉండిపోయింది.

"కాగితమంతా మీదేగా, సగం ఖాళీగా వదిలేశారేం?" అన్నాడు గుమాస్తా.

"ఖాళీ ఎక్కడుంది నాయనా?" అన్నాడు సి మాతీ. "అది లల్లా సుకైనాది, ఆవిడ పెట్టేశాక మిగిలిన చోటు కొలుచుకుని పెట్టా."